ఇంట్లో పిల్లి ఉందా అని అడగండి

హైదరాబాద్ మహానగర పాలక సంస్థ పశువైద్య విభాగం అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

2025 ఆగస్టు 17, ఆదివారం ఉదయం బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో మీరు వీధికుక్క పిల్లల దత్తత మేళా పెట్టారు. కుక్కల మీద జనంలో కోపం, భయం బాగా ముదిరి ఉన్న రోజుల్లో ఆ పనికి పూనుకున్నారు. జాతికుక్క కోసం వేలు పోయనక్కర్లేదు, మన వీధిలో పుట్టిన పిల్ల కూడా ఇంట్లో పెరగదగ్గదే అని ఒక ప్రభుత్వ విభాగం చెప్పడం చిన్న విషయం కాదు. ఆ తర్వాత ఐదు రోజులకే, ఆగస్టు 22న, వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో దత్తత మాట కూడా వచ్చింది. పెంచుకోదలచినవాళ్ళు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, అయితే ఆ కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూసుకోవాల్సింది వాళ్ళేనని కోర్టు చెప్పింది.

నేను రాస్తున్నది ఆ చివరి మాట గురించే. ముచ్చటపడి తీసుకెళ్ళిన కుక్క మళ్ళీ వీధిలోకి ఎందుకొస్తుంది? చాలా కారణాలు మీకు నాకంటే బాగా తెలుసు. ఇంటి ఓనరు ఒప్పుకోడు, అపార్ట్‌మెంట్ సంఘం గొడవ పెడుతుంది, ఊరెళ్తే చూసేవాళ్ళుండరు. వీటి మధ్య ఎవరి లెక్కలోకీ రాని కారణం ఒకటుంది. ఆ ఇంట్లో అప్పటికే ఒక పిల్లి ఉంటుంది.

నేను చాలా ఏళ్ళుగా పిల్లుల్ని పెంచుతున్నాను. దెబ్బ తగిలినవాటిని, తల్లి వదిలేసినవాటిని తెచ్చి, బాగుచేసి, మంచి ఇళ్ళకు అప్పగిస్తుంటాను. మా ఇంట్లో పిల్లులూ ఒక దేశవాళీ కుక్కా కలిసే ఉంటున్నాయి. అందుకని నాకు ఫోన్లు వస్తుంటాయి. కుక్కపిల్ల వచ్చిన వారంలోపే వస్తాయి. "మా పిల్లి బీరువా మీంచి దిగట్లేదండీ." "అటక మీద ఎక్కి కూర్చుంది, అన్నం ముట్టట్లేదు." "పక్కల మీద మూత్రం పోస్తోంది." "కుక్కపిల్ల కంటి మీద గీరేసింది, రక్తం వచ్చింది." ఆఖరున ఒకటే ప్రశ్న: రెంటిలో ఏదో ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చేయమంటారా? ఇచ్చేయాల్సి వస్తే చాలా ఇళ్ళలో పోయేది కుక్కపిల్లే. కొన్ని ఇళ్ళలో ఆ నిర్ణయం పిల్లే తీసుకుంటుంది. తెరిచి ఉన్న తలుపులోంచి వెళ్ళిపోయి తిరిగి రాదు.

ఇదంతా కుక్కకూ పిల్లికీ పుట్టుకతో పడదు కాబట్టి జరుగుతోందని మనం సులభంగా అనేసుకుంటాం. అది నిజం కాదు. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రెండు జంతువులూ ఉన్న ఇళ్ళను పరిశీలించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎక్కువ ఇళ్ళలో రెండూ సఖ్యంగానే ఉన్నాయి. పిల్లి ముందు నుంచీ ఉండి కుక్క తర్వాత వచ్చినచోట, పిల్లి ఆరు నెలల లోపూ కుక్క ఏడాది లోపూ ఉండగా కలిసినచోట పొత్తు ఇంకా బాగా కుదిరింది. 2018లో బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం వాళ్ళు యజమానులను విచారించి చేసిన మరో అధ్యయనంలో నా అనుభవానికి సరిగ్గా సరిపోయే సంగతి తేలింది. రెంటి స్నేహం నిలవడం కుక్క ఎంత కుదురుగా ఉందన్నదానికంటే పిల్లి ఎంత నిశ్చింతగా ఉందన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

మన ఇళ్ళలో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. కుక్కపిల్లకు కొత్త బెల్టు, కొత్త గిన్నె, పడుకోవడానికి పరుపు అన్నీ కొంటారు. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరతారు. అప్పటిదాకా ఆ ఇంట్లో తన వేళకు తింటూ, తనకిష్టమైన కిటికీలో ఎండ కాచుకుంటూ ఉన్న పిల్లి కోసం ఒక్క ఏర్పాటూ చేయరు. అసలు చేయాల్సింది కుక్క గడప తొక్కకముందే చేయాలి.

పిల్లికి మొదట కావలసింది చోటు. నేలమీద చోటు కాదు, ఎత్తున చోటు. కిందనున్న జంతువు తనను అందుకోలేదన్న నమ్మకం ఉన్న పిల్లి పారిపోదు. అది పారిపోకపోతే కుక్క తరమదు. తరమడం కుక్క రక్తంలో ఉన్న పని, కదిలి పరుగెత్తేదాన్ని చూస్తే దాని కాళ్ళు ఆగవు. అదే పిల్లి బీరువా మీద కూర్చుని కిందికి చూస్తుంటే కుక్కకు కాసేపట్లో విసుగొచ్చి పక్కకు పోతుంది. ఇందుకోసం ఖరీదైన పిల్లి చెట్లు కొననక్కర్లేదు. మన ఇళ్ళలో అటకలున్నాయి, వంటింట్లో గోడకు సిమెంటు బల్లలున్నాయి, ఫ్రిజ్ ఉంది, బీరువా ఉంది. వాటి మీది పాత సూట్‌కేసులూ అట్టపెట్టెలూ తీసేసి ఒక గోనెపట్టా పరచాలి. ఎక్కడానికి వీలుగా మధ్యలో ఒక స్టూలో కుర్చీయో వేయాలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నేల తాకకుండా వెళ్ళే దారి దొరికితే అంతకంటే ఏం కావాలి. బాల్కనీకి పావురాల వల లేకపోతే కుక్క రాకముందే కట్టించాలి. బెదిరిన పిల్లి ఎత్తు చూసుకోదు, నాలుగో అంతస్తు నుంచి దూకేస్తుంది.

చోటు తర్వాత గది. కుక్క వచ్చే రోజుకు ముందే పిల్లికి ఒక గది అలవాటు చేయాలి. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటులో రెండో పడగ్గది సరిపోతుంది. అందులోనే తిండి, నీళ్ళు, ఇసుక డబ్బా, ఒక ఎత్తయిన చోటు, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె ఉండాలి. ఇసుక డబ్బాను తిండికి దూరంగా పెట్టాలి. ముఖ్యంగా కుక్క వెనకనుంచి వచ్చి పిల్లిని మూలకు నెట్టేసే వీలు లేనిచోట ఉంచాలి. డబ్బాలో కూర్చున్నప్పుడు ఒకసారి బెదిరిందంటే పిల్లి మళ్ళీ అందులో అడుగు పెట్టకపోవచ్చు. పక్కల మీద మూత్రం పోస్తోందన్న ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఈ భయమే ఉంటుంది. ఇంట్లోవాళ్ళు మాత్రం అది పగతో చేస్తోందనుకుని కొడతారు.

మూడోది వాసన. మనం మనిషిని ముఖం చూసి గుర్తుపడతాం. పిల్లికి ముఖం తర్వాతి సంగతి. అది తలుపు చట్రాలకు, మంచం కోళ్ళకు, మన పిక్కలకు చెంపలు రుద్దేది తన వాసన అంటించడానికే. ఇల్లంతా ఆ వాసన పరుచుకుని ఉంటేనే దానికి ఇల్లు ఇల్లులా ఉంటుంది. ఒక్క పూటలో కొత్త కుక్క వాసన దాన్నంతా కప్పేస్తే దానికి దిక్కు తోచదు. అందుకే రెంటినీ ఒకదానికొకటి చూపించేముందు వాసన పరిచయం చేయాలి. పాత టవలు ఒకటి కుక్కపిల్ల ఒంటికి రుద్ది, పిల్లి గదిలో ఒక మూల వేయాలి. దాని ముక్కు దగ్గరికి తీసుకెళ్ళకూడదు, తనకు తోచినప్పుడు అదే వచ్చి చూసుకుంటుంది. పిల్లి చెంపలకు రుద్దిన బట్టను కుక్క పడుకునేచోట వేయాలి. మూసిన తలుపుకు అటు ఒకటి, ఇటు ఒకటి గిన్నెలు పెట్టి రెంటికీ ఒకే వేళకు తిండి పెట్టాలి. మొదట గిన్నె తలుపుకు దూరంగా ఉంచి, పిల్లి బెరుకు లేకుండా తింటున్నకొద్దీ దగ్గరికి జరపాలి. ఆ వాసన వచ్చినప్పుడల్లా కడుపు నిండుతోందని దానికి అర్థం కావాలి. కుక్కను నడకకు తీసుకెళ్ళిన సమయంలో పిల్లిని హాల్లోకి వదిలి తన ఇల్లు తాను తిరిగి చూసుకోనివ్వాలి.

ఇన్నీ అయ్యాకే చూపులు. దోమతెర తలుపున్న ఇళ్ళకు ఇది సులువు. లేనివాళ్ళు, పసిపిల్లలు మెట్ల మీంచి పడకుండా పెట్టే చిన్న గేటు పెట్టుకోవచ్చు. కుక్కపిల్లను ముందు బాగా నడిపించి, ఆడించి, అలిసిపోయాక గొలుసు పట్టుకుని కూర్చోబెట్టాలి. అది పిల్లిని చూసి, పిలవగానే మన వైపు తిరిగితే వెంటనే ఒక చికెన్ ముక్క ఇవ్వాలి. చూడటం తప్పు కాదు, చూపు తిప్పుకోగలగడం నేర్పాలి. కొన్ని నిమిషాలు చాలు. రెండూ బాగుండగానే ఆపేయాలి. ఆ తర్వాత తెర తీసేసి ఒకే గదిలో, గొలుసు మన చేతిలోనే ఉంచుకుని కలపాలి. పిల్లి బయటికి పోయే దారి తెరిచే ఉండాలి. ఎవరూ ఇంట్లో లేనప్పుడు, రాత్రివేళ, చాలాకాలం వేరువేరు గదుల్లోనే ఉంచాలి. దీనికి కొన్ని ఇళ్ళలో వారాలు పడుతుంది, కొన్ని ఇళ్ళలో నెలలు. తొందరపడినచోటే పాడవుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లిని చేతుల్లో బిగించి పట్టుకుని కుక్క మూతి దగ్గరికి తీసుకెళ్ళి, ఫోనులో వీడియో తీసే అలవాటు ఇప్పుడు బాగా పెరిగింది. చూసేవాళ్ళు నవ్వుకుంటారు. ఆ పిల్లి చెవులు వెనక్కి అతుక్కుపోయి, కంటిపాపలు పెద్దవై ఉంటాయి. పారిపోవడానికి దారి లేని పిల్లి గోళ్ళతోనే మాట్లాడుతుంది. పసి కుక్కపిల్లలకు పిల్లులంటే ఇంకా భయం తెలియదు, మూతి నేరుగా ముందుకు చాపుతాయి, అందుకే గోరు కంటికి తగులుతుంది. కనుగుడ్డుకు తగిలిన చిన్న గీత కూడా చూపు తీసేయగలదు. పరిచయాలకు ముందు పిల్లి గోళ్ళ కొనలు కత్తిరించుకోవాలి. రెంటినీ బలవంతంగా దగ్గరికి తేవడం మాత్రం పూర్తిగా మానుకోవాలి. పిల్లి బుస్సుమన్నప్పుడు తిట్టకూడదు. దగ్గరికి రావద్దని పిల్లి మర్యాదగా చేసే హెచ్చరిక అది. దాన్ని నోరు మూయిస్తే తర్వాతిసారి హెచ్చరించకుండానే పంజా విసురుతుంది.

రెండూ ఒకే ఒంటిభాషలో మాట్లాడుకోవని ఇంట్లోవాళ్ళకు చెప్పాలి. కుక్క తోక ఊపడం చాలాసార్లు సంతోషం. పిల్లి తోకను అటూ ఇటూ విసురుతోందంటే చిరాకు. కుక్క వెల్లకిలా పడితే లొంగిపోవడం, పిల్లి వెల్లకిలా పడితే నాలుగు కాళ్ళ గోళ్ళూ సిద్ధం చేసుకోవడం కావచ్చు. అయినా కలిసి పెరిగినవి ఒకదాని భాష ఇంకొకటి నేర్చుకుంటాయి, ఇదీ టెల్ అవీవ్ పరిశీలనలో కనిపించిన సంగతే. భయపడాల్సిన గుర్తు వేరే ఉంది. కుక్క ఒళ్ళంతా బిగుసుకుపోయి, నోరు మూసుకుని, రెప్ప వేయకుండా పిల్లినే చూస్తూ, పిలిచినా వినిపించుకోకపోతే అది ఆట కాదు. ఆ క్షణంలోనే గొలుసు లాగి గది మార్చాలి.

మీరు వైద్యులు కాబట్టి ఈ కిందిది మీకు తెలియనిది కాదు. కానీ పిల్లను చంకనేసుకుని ఇంటికెళ్ళేవాళ్ళకు ఎవరూ చెప్పడం లేదు. వీధిలో పుట్టిన పిల్లకు పిడుదులు ఉంటాయి. ఇంటికి రాగానే మందుల షాపుకెళ్ళి కుక్కల పిడుదుల మందు తెచ్చి మెడ మీద పోస్తారు, లేదా నీళ్ళలో కలిపి స్నానం చేయిస్తారు. కుక్కలకు వాడే కొన్ని మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి అంతగా లేదు. కుక్క ఒంటి మీద మందు తడి ఆరకముందే పిల్లి దాన్ని ఒరుసుకుని పడుకున్నా, నాకినా చాలు, వణుకు పట్టి, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. స్నానానికి వాడే అమిట్రాజ్ కూడా పిల్లికి విషమే. పిల్లి ఉన్న ఇంటికి వెళ్ళే కుక్కకు ఏ మందు వాడాలో, వాడాక ఎంతసేపు వేరుగా ఉంచాలో మీరే రాసి ఇస్తే ఒక ప్రాణం నిలుస్తుంది. టీకాల సంగతీ అంతే. కుక్కపిల్లల్ని చంపే పార్వో వైరస్‌లో ఇప్పుడు తిరుగుతున్న రకాలు పిల్లులకూ సోకగలవు. కుక్కకు టీకా వేయించి, ఇంట్లో ఉన్న పిల్లికి ఏ టీకా లేకుండా వదిలేస్తే పని సగమే అయినట్టు. రేబిస్ టీకా రెంటికీ కావాలి.

పిల్లి దిగులు పెట్టుకుంటే ఒంట్లో కనిపిస్తుంది. రెండు మూడు రోజులు తిండి ముట్టకపోతే, అందులోనూ లావుగా ఉన్న పిల్లి అయితే, ఒంట్లోని కొవ్వంతా కాలేయంలో చేరి ప్రాణం మీదికొస్తుంది. "ఆకలేస్తే అదే తింటుందిలే" అనే మాట కుక్క విషయంలో నడవొచ్చు, పిల్లి విషయంలో నడవదు. మగపిల్లి మాటిమాటికీ డబ్బాలోకి వెళ్ళి కూర్చుని, మూత్రం చుక్క రాక మూలుగుతుంటే ఆ రాత్రి ఆగకూడదు, అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఒత్తిడి వల్ల మూత్రాశయం వాచి, మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే చనిపోతుంది.

తిండి గిన్నెల గురించి ఒక్క మాట. కుక్క పిల్లి తిండిని వదలదు, కాబట్టి పిల్లి గిన్నె పైనే ఉండాలి. పిల్లికి కుక్క తిండే రోజూ పెట్టడం ఖర్చు కలిసొచ్చే పనిలా కనిపిస్తుంది. పిల్లికి టౌరిన్ అనే పోషకం తిండి నుంచే అందాలి, కుక్కల కోసం చేసిన తిండిలో అది సరిపడా ఉండదు. నెలల తరబడి అదే తింటే గుండె బలహీనపడుతుంది, చూపు పోతుంది.

పెద్ద కుక్కల విషయం వేరు. కుక్కపిల్లలకు మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా లోకాన్ని పరిచయం చేసుకునే వయసు. ఆ రోజుల్లో పిల్లిని మంచిగా చూసిన పిల్ల పెద్దయ్యాక దాన్ని వేటగా చూడటం అరుదు. మీరిచ్చే పిల్లలు చాలావరకు ఆ వయసు దగ్గరివే, అదొక అదృష్టం. పెద్ద కుక్కను ఇచ్చేటప్పుడు మాత్రం ఆ కుక్క పుట్టి పెరిగిన వీధిలో దానికి రోజూ అన్నం పెట్టేవాళ్ళను అడగండి. అది పిల్లుల్ని తరుముతుందా, పిల్లితో ఒకే గోడ పక్కన తింటుందా అన్నది వాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కొన్ని కుక్కలు పిల్లితో ఎప్పటికీ ఉండలేవు. అవి చెడ్డవి కావు, వాటికి పిల్లి లేని ఇల్లు చూడాలి.

మిమ్మల్ని నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. దత్తత దరఖాస్తులో ఒక ప్రశ్న ఉండాలి: మీ ఇంట్లో పిల్లి ఉందా? ఉందని రాసినవాళ్ళకు ఆ పూటే పిల్లను ఇచ్చి పంపకండి. పిల్లను వాళ్ళ పేరు మీద ఉంచి, దాని ఒంటికి రుద్దిన ఒక బట్ట ఇచ్చి, వారం తర్వాత రమ్మనండి. ఆ వారంలో బీరువా మీద చోటు, పిల్లి గది, బాల్కనీ వల సిద్ధమవుతాయి. ముచ్చట తీరిపోయి రానివాళ్ళు రారు, అదీ మంచిదే. వాళ్ళ చేతికి తెలుగులో, ఉర్దూలో ఒకే ఒక్క కాగితం ఇవ్వండి. పైన రాసినవాటిలో పిడుదుల మందు సంగతి, పిల్లి తిండి మానేసిన సంగతి, మూత్రం ఆగిన సంగతి పెద్ద అక్షరాల్లో ఉండాలి. మొదటి నెలలో ఒక ఫోను చేసి పిల్లి ఎలా ఉందని కూడా అడగండి. కుక్క ఎలా ఉందని అందరూ అడుగుతారు.

ఇంత చేసినా కుదరని ఇళ్ళు కొన్ని ఉంటాయి. అలాంటివాళ్ళు సిగ్గుపడకుండా, తిట్లు తినకుండా కుక్కను మీ జంతు సంరక్షణ కేంద్రానికి తెచ్చి అప్పగించే వీలుండాలి. తిరిగి తెస్తే కేసు పెడతారేమో, నలుగురిలో పరువు తీస్తారేమో అన్న భయం ఉన్నవాళ్ళు చీకట్లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన వదిలేసి వస్తారు. ఇంటి తిండికి అలవాటు పడ్డ పిల్ల అక్కడ ఎన్నాళ్ళు బతుకుతుందో మీకు తెలుసు.

ఆ కాగితం తెలుగులో రాసి ఇవ్వడానికి నేను సిద్ధం. మీ డాక్టర్లు చూసి దిద్దితే చాలు. తర్వాతి మేళాలో ఒక మూల చిన్న బల్ల వేసి, పిల్లులున్న ఇళ్ళవాళ్ళను అటు పంపండి. నేనూ, పిల్లుల్నీ కుక్కల్నీ కలిపి పెంచుతున్న మరికొందరమూ ఉదయం నుంచి మేళా ముగిసేదాకా అక్కడ కూర్చుని వాళ్ళతో మాట్లాడతాం.

ఇట్లు,
పిల్లుల్నీ కుక్కనూ కలిపి పెంచుకుంటున్న ఒక హైదరాబాద్ వాసి